సరిహద్దు అవతలి రైస్ మిల్లులో తమ్ముడి వేళ్లు పోయాయి: యజమాని తెచ్చిన స్టాంపు కాగితం మీద సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న
అడిగినవారు: పర్లాకిమిడి టీచరమ్మ

పెద్దలందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా తమ్ముడు సరిహద్దు దాటి పాతపట్నం వైపు ఒక రైస్ మిల్లులో మెషీన్ల మీద పనిచేసేవాడు. జీతం నెలకు 12,000 రూపాయలు. అందులో కొంత ఫోన్‌పేలో వచ్చేది, కొంత మేస్త్రీ నగదుగా ఇచ్చేవాడు. 2025 మార్చిలో ఒక రాత్రి షిఫ్టులో, ధాన్యం పైకి ఎత్తే ఎలివేటర్ బెల్టు పదే పదే జారిపోతూ ఉంటే, మిల్లు ఆపితే ఎలివేటర్ జామ్ అయిపోతుంది కాబట్టి నడుస్తుండగానే బెల్టుకు బంక పట్టించమని మేస్త్రీ చెప్పాడట. బెల్టుకూ పుల్లీకీ మధ్య కుడిచేయి పడి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మొదలంటా పోయాయి. అప్పటికి వాడికి ముప్పై నిండాయి.

ఆ పుల్లీకి ఉండవలసిన ఇనుప జాలీని సంక్రాంతికి ముందే మిల్లు ఫిట్టరు విప్పి గోడకు ఆనించాడని, తరువాత ఎవరూ దాన్ని తిరిగి బిగించలేదని తమ్ముడు చెబుతున్నాడు. ఆసుపత్రి ఖర్చు యజమానే పెట్టుకున్నారు, ఆ మాట కాదనను. అయితే ఇప్పుడు 75,000 రూపాయలు ఇస్తామంటూ స్టాంపు కాగితం పంపారు. ప్రమాదం తన అజాగ్రత్త వల్లనే జరిగిందని, ఇక మీదట ఏ విధమైన క్లెయిమూ చేయనని అందులో రాసి ఉంది. ఆసుపత్రికి పెట్టిన డబ్బును కూడా పరిహారంలో భాగంగానే లెక్కవేశారు. వాడి పేరు మిల్లు హాజరు పుస్తకంలో లేదని, మేస్త్రీ మనిషి కాబట్టి తమకు బాధ్యత లేదని, మానవత్వంతో ఇస్తున్నామని అంటున్నారు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) నంబరు ఎప్పుడూ ఇవ్వలేదు.

మేము ఉండేది ఒడిశాలో, ప్రమాదం జరిగింది ఆంధ్రాలో. కేసు వేయాలంటే ప్రతి వాయిదాకూ శ్రీకాకుళం తిరగాలా అన్న భయంతోనే ఇంట్లో వాళ్లు సంతకం పెట్టేయమంటున్నారు. తెలిసినవారు దయచేసి దారి చూపగలరు.

జవాబు
రాసినవారు: రాయగడ రిటైర్డ్ ఫిట్టరు

అమ్మా, చట్టం సంగతి నాకంటే బాగా తెలిసినవారు చెబుతారు. నేను చాలాకాలం ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేసినవాణ్ని కాబట్టి యంత్రం వైపు నుంచి రాస్తాను. “అజాగ్రత్త” అన్న మాట ఆ కాగితంలో అన్నిటికంటే ముందు ఎందుకు చేరిందో మీకు తెలియాలి.

బెల్టు పుల్లీ మీదికి ఎక్కే చోటును మించిన ప్రమాదకరమైన జాగా మిల్లులో లేదు. అడుగు వ్యాసం ఉన్న పుల్లీ నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంటే బెల్టు సెకనుకు సుమారు 11 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. చెయ్యి తగిలిందని మెదడుకు తెలిసి వెనక్కు లాక్కోవడానికి పావు సెకను చాలనుకున్నా, ఆ పావు సెకనులోనే రెండున్నర మీటర్లకు పైగా బెల్టు లోపలికి వెళ్లిపోతుంది. ఎంత చురుకైనవాడైనా, ఎంత జాగ్రత్తపరుడైనా ఈ లెక్క మారదు. అందుకే అక్కడ జాగ్రత్త అనేది మనిషిలో కాదు, జాలీలో ఉండాలి.

ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 రాసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. 21వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన కదిలే భాగాలకు గట్టి కంచె ఉండాలి, యంత్రం నడుస్తున్నంతసేపూ అది తన చోటనే ఉండాలి. 22వ సెక్షను ఇంకా సూటిగా ఉంటుంది. నడుస్తున్న యంత్రం దగ్గర బెల్టు ఎక్కించడం, నూనె వేయడం, సర్దడం వంటి పనులు తప్పనిసరైతే, వాటిని ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుష కార్మికుడు మాత్రమే చేయాలి. అతని పేరు రిజిస్టరులో నమోదై ఉండాలి. ఒంటికి అతుక్కుని ఉండే దుస్తులు యాజమాన్యమే ఇవ్వాలి. అన్నీ ఉన్నా, బెల్టు వెడల్పు 15 సెంటీమీటర్లకు మించితే తిరుగుతున్న పుల్లీ దగ్గర దాన్ని ముట్టుకోకూడదు. బెల్టు అతుకూ పుల్లీ అంచూ మంచి స్థితిలో ఉండాలి, కాలు నిలదొక్కుకోవడానికి గట్టి చోటు ఉండాలి. మీ తమ్ముడికి శిక్షణ ఇచ్చారా, పేరు రిజిస్టరులో ఎక్కించారా, ఆ బెల్టు వెడల్పు ఎంత అన్న మూడు ప్రశ్నలు అడిగితే చాలు, అజాగ్రత్త ఎవరిదో తేలిపోతుంది. అప్పటి ఆ చట్టం ప్రకారం విద్యుత్తుతో నడిచే చోట పదిమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీయే. ఆ పదిమందిలో మేస్త్రీ తెచ్చినవాళ్లు కూడా లెక్కకు వస్తారు.

ఇక సాక్ష్యం మాట. వీలైతే ఆ పుల్లీ పక్కన ఫ్రేముకు ఉన్న బోల్టు రంధ్రాల్ని ఎవరిచేతనైనా ఫోటో తీయించండి. రైస్ మిల్లులో తౌడు దుమ్ము అన్నిటి మీదా పేరుకుంటుంది. జాలీ నిన్న మొన్న విప్పితే ఆ రంధ్రాలు శుభ్రంగా, మరలు మెరుస్తూ ఉంటాయి. నెలల తరబడి బిగించకుండా ఉంటే తౌడు, గ్రీజు కలిసి నల్లని ముద్దగా గట్టిపడి ఉంటాయి. ఇన్‌స్పెక్టరు వచ్చే నాటికి కొత్త జాలీ, కొత్త పెయింటు కనిపిస్తాయి. అది ఎక్కడైనా జరిగేదే. కాబట్టి పాత ఫోటోలు, ప్రమాదానికి ముందు తోటివాళ్లు సరదాగా తీసుకున్న వీడియోలైనా సరే, ఎవరి ఫోనులో ఉన్నాయో వాకబు చేయండి.

కార్మికుడు 48 గంటలు గానీ అంతకు మించి గానీ పనికి రాలేనంత గాయమైతే, యాజమాన్యం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు నోటీసు పంపాలని అదే చట్టంలోని 88వ సెక్షను చెప్పింది. ఆ నోటీసు వెళ్లిందా లేదా అని ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల శాఖకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వెళ్లి ఉంటే అందులో మీ తమ్ముడి పేరు ఉంటుంది. వెళ్లకపోతే అదే ఒక ఉల్లంఘన.

జవాబు
రాసినవారు: గుణుపురం లేబర్ కేసుల గుమస్తా

సోదరి గారికి నమస్కారం. ముందుగా మీకు నిద్ర పట్టే మాట చెబుతాను. కేసు కోసం శ్రీకాకుళం తిరగవలసిన అవసరం లేదు. ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 21వ సెక్షను ప్రకారం ప్రమాదం జరిగిన ప్రాంతపు కమిషనర్ వద్దనే కాకుండా, క్లెయిము చేసేవారు మామూలుగా నివసించే ప్రాంతపు కమిషనర్ వద్ద కూడా దరఖాస్తు వేయవచ్చు. ఇక్కడి కమిషనర్ అక్కడి కమిషనరుకూ, ఆ రాష్ట్ర ప్రభుత్వానికీ నోటీసు ఇచ్చి విచారణ సాగిస్తారు. ఈ హోదాలో ఉండేది కార్మిక శాఖ అధికారే. గజపతి జిల్లాకు ఎవరిని నియమించారో పర్లాకిమిడి జిల్లా కార్మిక కార్యాలయంలో చెబుతారు. మన సరిహద్దు ఊళ్లలో ఇల్లు ఒక రాష్ట్రంలో, పని ఇంకొక రాష్ట్రంలో ఉన్నవాళ్లు వేలమంది ఉన్నా ఈ ఒక్క సెక్షను తెలియక ఎందరో సగం డబ్బుకే రాజీ పడుతున్నారు.

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చిన మాట నిజమే. అయితే మీ తమ్ముడి ప్రమాదం మార్చిలో జరిగింది, పరిహారపు హక్కు ఆ రోజే పుట్టింది, కాబట్టి పాత చట్టం ప్రకారమే లెక్క చూడాలి. గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. దాన్ని చివరిదాకా లాగకండి.

ఇప్పుడు లెక్క. శాశ్వత పూర్తి వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయస్సును బట్టి చట్టమిచ్చిన గుణకంతో హెచ్చించాలి. 12,000లో 60 శాతం 7,200. ముప్పై ఏళ్లు నిండినవారికి గుణకం 207.98. హెచ్చిస్తే 14,97,456 రూపాయలు వస్తాయి. ఒక చేతికి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని మొదటి షెడ్యూలు చెబుతుంది. అంటే 4,49,236 రూపాయల 80 పైసలు. వాళ్లు పంపిన 75,000 పక్కన ఈ అంకె పెట్టి చూడండి. లెక్కకు తీసుకునే జీతానికి 15,000 పరిమితి ఉంది, మీవాడిది అంతకు లోపే కనుక ఆ చిక్కు లేదు.

ఈ 30 శాతం దగ్గరే ఆగనక్కరలేదు కూడా. ఒడిశా నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు ఉంది. సినిమా హాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కింద పడి ఎడమచేయి మోచేతి దగ్గర తీసేయవలసి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతని విషయంలో అది పూర్తి వైకల్యమేనని 1975లో తీర్పు వచ్చింది. పరిహారం ప్రమాదం జరిగిన నాటి నుంచే బాకీ అవుతుందని చెప్పిన తీర్పు కూడా అదే. మీ తమ్ముడిది కుడిచేయి, పైగా అతను మెషీను పనివాడు. పానా పట్టుకోలేని చేత్తో ఆ పనికి తిరిగి వెళ్లగలడా అన్న వాదన కమిషనర్ ముందు పెట్టించండి. అయితే అది డాక్టరు సర్టిఫికెట్టు మీదా, సాక్ష్యం మీదా ఆధారపడి ఉంటుంది. 30 శాతం మాత్రం షెడ్యూలు ఇచ్చిన హక్కు.

పరిహారం బాకీ పడిన నెలలోగా చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ కలుస్తుంది. పై మొత్తం మీద అది ఏడాదికి 53,900 పైచిలుకు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారని తేలితే 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

మేస్త్రీ మనిషి అన్న వాదనకు 12వ సెక్షనులో జవాబు ఉంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరు ద్వారా చేయించుకున్నా, పరిహారం ఇవ్వవలసింది అసలు యజమానే. కావాలంటే ఆయన తరువాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆసుపత్రి ఖర్చు మాట కూడా అంతే. వైద్యానికి అయిన అసలు ఖర్చు భరించడం యజమాని విడి బాధ్యత, దాన్ని పరిహారంలో కోతపెట్టడానికి వీల్లేదు. స్టాంపు కాగితం విషయానికి వస్తే, గాయపడిన కార్మికుడు తన పరిహారపు హక్కును వదులుకుంటూ రాసిన ఒప్పందం చెల్లదని 17వ సెక్షను తేల్చి చెప్పింది. నిజంగా రాజీ చేసుకున్నా దాన్ని కమిషనర్ వద్ద నమోదు చేయించాలి, సొమ్ము మరీ తక్కువగా ఉందనిపిస్తే ఆయన నమోదును తిరస్కరించవచ్చు. అలాగని చెల్లదు కదా అన్న ధీమాతో సంతకం పెట్టకండి. “నా అజాగ్రత్త వల్లనే” అన్న ఆ ఒక్క వాక్యాన్ని అవతలి వకీలు ప్రతి వాయిదాలోనూ చదివి వినిపిస్తాడు.

ఈఎస్ఐ సంగతి ముందుగా తేల్చుకోండి. మిల్లు ఈఎస్ఐ పరిధిలో ఉంటే, మీవాడి పేరు నమోదు చేయకపోయినా, పరిహారం ఈఎస్ఐ నుంచే రావాలి. అప్పుడు ఈ చట్టం కింద క్లెయిము నడవదు. ఈఎస్ఐ కార్యాలయానికి మిల్లు పేరు రాసి అడిగితే చెబుతారు. వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే దరఖాస్తు ఇవ్వవచ్చు.

జవాబు
రాసినవారు: బరంపురం మిల్లు మేనేజరు

నేను యజమానుల వైపు మాట కూడా చెప్పాలనుకుంటున్నాను, ఎవరూ అన్యథా భావించవద్దు. అమ్మగారి తమ్ముడికి జరిగింది బాధాకరమే. కానీ చిన్న మిల్లుల్లో జాలీలను తీసేసేది ఎక్కువసార్లు పనివాళ్లే. గ్రీజు పెట్టాలన్నా, బెల్టు బిగించాలన్నా అడ్డం వస్తోందని తీసి పక్కన పడేస్తారు. మళ్లీ పెట్టమని ఎన్నిసార్లు అరిచినా వినరు. కార్మికుడు కావాలని రక్షణ పరికరాన్ని తొలగిస్తే పరిహారం ఇవ్వనవసరం లేదని అదే 1923 చట్టంలో ఉంది కదా. మేము ఏటా ప్రీమియం కట్టి ఉద్యోగుల పరిహార బీమా పాలసీ తీసుకుంటున్నాం. అలాంటి పాలసీ ఆ మిల్లుకు ఉంటే యజమాని ఈ 75,000 బేరం పెట్టవలసిన పనే లేదు. ముందు అది అడగండి.

జవాబు
రాసినవారు: రాయగడ రిటైర్డ్ ఫిట్టరు

మేనేజరు గారూ, పాలసీ గురించి మంచి మాట చెప్పారు. జాలీ గురించి మాత్రం ఒప్పుకోలేను. పనివాడు జాలీని విప్పుతున్నాడంటే అది ఆ పనికి తగ్గట్టు తయారు కాలేదని అర్థం. గ్రీజు నిప్పిల్‌కు చిన్న రాగి గొట్టం తగిలించి దాని మూతిని జాలీ బయటికి తీసుకువస్తే, గ్రీజు కోసం ఇక ఎవరూ దాన్ని ముట్టుకోరు. మోటారు కింద జరిపే పట్టాలు పెట్టి బిగించే బోల్టును బయటివైపుకు తెస్తే, బెల్టు వదులైనప్పుడు జాలీ విప్పకుండానే బిగించవచ్చు. జాలీకి ఒకవైపు మడతబందులు పెట్టినా సరిపోతుంది. వీటికయ్యే ఖర్చు ఒక లోడు తౌడు అమ్మితే వచ్చేస్తుంది.

బంక పట్టించడం అసలు మరమ్మతే కాదు. బెల్టు జారుతోందంటే పుల్లీలు ఒకే వరుసలో లేకపోవడమో, పుల్లీ ముఖం అరిగి నున్నబడిపోవడమో, బెల్టు సాగిపోవడమో జరిగి ఉంటుంది. మిల్లు ఆపి, మెయిన్ స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులో పెట్టుకుని చేయవలసిన పని అది. రాత్రి షిఫ్టులో లోడు ఆగకూడదన్న తొందరలో ఆ పనిని చేతి వేళ్లకు అప్పగించారు.

జవాబు
రాసినవారు: గుణుపురం లేబర్ కేసుల గుమస్తా

మేనేజరు గారు చెప్పిన మినహాయింపు చట్టంలో ఉంది, కాదనలేం. తాగి పనిచేయడం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరమని తెలిసి కావాలని తొలగించడం లేదా లెక్కచేయకపోవడం అన్నవి అందులో ఉన్నాయి. అయితే వాటిని రుజువు చేయవలసిన భారం యజమానిదే. ప్రమాదంలో మరణం గానీ శాశ్వత పూర్తి వైకల్యం గానీ సంభవిస్తే ఈ మినహాయింపులు అసలు వర్తించవు. ఈ కేసులో జాలీ విప్పింది యజమాని ఫిట్టరు, నడుస్తుండగా బంక పట్టించమన్నది యజమాని తరఫు మేస్త్రీ. చెప్పిన పని చేసిన కార్మికుడు జాలీని కావాలని తొలగించాడని వాదించడానికి ఇక్కడ తావెక్కడిది? మామూలు ఏమరుపాటుకు, ఉద్దేశపూర్వకమైన ధిక్కారానికి మధ్య చట్టం పెద్ద గీత గీసింది.

బీమా పాలసీ ఉంటే కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. అయితే ఆలస్యానికి పడే జరిమానాను యజమాని తన జేబులోంచే కట్టుకోవాలి.

జవాబు
రాసినవారు: పర్లాకిమిడి టీచరమ్మ

అందరికీ కృతజ్ఞతలు. స్టాంపు కాగితం జిరాక్సు తీసి మా దగ్గర ఉంచుకుని, అసలు కాగితాన్ని సంతకం లేకుండా తిప్పి పంపించాం. తమ్ముడితో పనిచేసిన కుర్రాడి ఫోనులో దీపావళి నాటి వీడియో ఒకటి ఉంది. వెనకాల ఆ పుల్లీ, దాని మీద జాలీ ఉన్నట్టు కనిపిస్తోంది. అది మాకు అనుకూలమో ప్రతికూలమో అర్థం కావడం లేదు. ఇంకొక సందేహం. యజమాని వాడిని వాచ్‌మన్‌గా తిరిగి రమ్మంటున్నారు, జీతం పాతదే ఇస్తారట. వెళితే సంపాదన తగ్గలేదు కాబట్టి పరిహారం అక్కర్లేదంటారేమోనని వాడు జంకుతున్నాడు.

జవాబు
రాసినవారు: గుణుపురం లేబర్ కేసుల గుమస్తా

వీడియో మీకు అనుకూలమే సోదరీ. దీపావళికి ఉన్న జాలీ మార్చికి లేదంటే, మధ్యలో ఎవరో విప్పారని, అది మొదటి నుంచీ ఉండవలసిన పరికరమేనని రుజువవుతుంది. ఆ ఫోనులోని అసలు ఫైలును అలాగే ఉంచమనండి, వాట్సాప్‌లో తిరిగిన కాపీకి అంత విలువ ఉండదు. విప్పింది ఎవరో చెప్పడానికి ఆ కుర్రాడి వాంగ్మూలం పనికివస్తుంది. మిల్లులో ఉద్యోగం పోతుందని వెనకాడితే సమన్లు ఇప్పించమని కమిషనరును కోరవచ్చు.

వాచ్‌మన్ పనికి వెళ్లమనండి. షెడ్యూలులో ఉన్న గాయానికి సంపాదన నష్టం ఎంతో చట్టమే ముందుగా నిర్ణయించింది కాబట్టి, ఇప్పుడు ఎంత జీతం వస్తున్నా ఆ 30 శాతం తగ్గదు. 30 శాతానికి మించి అడిగే వాదన మాత్రం, పాత జీతానికే పనిచేస్తున్నాడన్న కారణంతో కొంత బలహీనపడవచ్చు. అది మీ వకీలుతో కూర్చుని ఆలోచించుకోవలసిన విషయం. చేరేముందు నియామకపు కాగితం మిల్లు పేరు మీదనే అడగండి, మేస్త్రీ పేరు మీద వద్దు, జీతం బ్యాంకు ఖాతాలోనే వేయమనండి. చేరే రోజున ఇంకేదైనా కాగితం మీద సంతకం అడిగితే, చదివి చెబుతానని ఇంటికి తెమ్మనండి.